తినే కాగితం

పిల్లలూ, మా నల్లపాడులో సాయంకాలం మిరపకాయ బజ్జీలు కొంటే పాత వార్తాపత్రిక ముక్కలో చుట్టి ఇచ్చేవారు. ఆ నూనెకు అక్షరాలు తేలి బజ్జీకి అంటుకునేవి. “ఏమండీ, వార్తలు చదవటం చాలక తింటున్నారా?” అని మా ఇంట్లో ఆవిడ నవ్వేది. నవ్వులాటే గాని, అచ్చుసిరా కడుపులోకి పోవటం మంచిది కాదు. అలా చుట్టవద్దని 2016లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ హెచ్చరించింది కూడాను.

అందుకనే కిందటేడు మనుమరాలి పుట్టినరోజుకు మా అబ్బాయి గుంటూరు నుంచి తెచ్చిన కేకు చూసి కంగారుపడ్డాను. కేకు మీద కాగితం, కాగితం మీద బొమ్మ! ఎవరి బొమ్మ అనుకున్నారు? ఆరు నెలల కిందట మాకు దూరమైన ఆవిడదే, అంటే పిల్లకు నాయనమ్మది.

“ఇది తినే కాగితమే నాన్నా,” అన్నాడు మావాడు.

మామూలు కాగితంలో ఉండేది చెట్ల పీచు. అది మన కడుపులో అరగదు. ఈ కాగితాన్ని బంగాళాదుంప పిండితోనో, బియ్యప్పిండితోనో చేస్తారు. పంచదారతో చేసే రకం కూడా ఉన్నది. తడిపిన పిండికి వేడి తగిలితే రేణువులు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని, ఆరగానే పొరగా వస్తాయి. ఇదేమీ సీమ వింత కాదు సుమా! గోదావరి ఒడ్డున ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని పిండినీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి లాగుతారు. గుడ్డ తీసేసరికి రేకు తయారు. అదే పూతరేకు. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇక బొమ్మ అచ్చువేసే యంత్రం మామూలుదానిలాగే ఉంటుంది, సిరాకు బదులు తినదగిన రంగులు పోస్తారు. మన దేశంలో తిండిలో వాడనిచ్చే కృత్రిమ రంగులు 8 మాత్రమే. ఒక్కసారి మామూలు సిరా పోసిన యంత్రం ఈ పనికి పనికిరాదు.

సరే, పిల్ల చేతికి కత్తి ఇచ్చాము. కొయ్యలేదు.

“నాయనమ్మను కొయ్యను!”

చివరకు చుట్టూ కోసుకుని, బొమ్మ ఉన్న ముక్కను ఫ్రిజ్జులో దాచాము.

తెల్లవారి చూద్దుముగదా, క్రీములోని తేమ కాగితంలోకి పాకింది. ముఖమంతా ముడతలు. బొట్టు ఎరుపు ముక్కు మీదికి కారింది. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. నోట్లో కరిగేది ఫ్రిజ్జులోనూ కరుగుతుందని చెప్పబోయి ఊరుకున్నాను. గోడ మీది అసలు ఫోటో దింపి దాని ఒళ్ళో పెట్టాను.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, చీర అంచు ఉన్న మూల తుంచి నోట్లో వేసుకుంది. ముఖం ఉన్న ముక్క నాకు ఇచ్చింది.

“నువ్వు తిను తాతయ్యా.”

తిన్నాను. పైనున్న కాగితం చప్పగా, నెయ్యీ పంచదారా వెయ్యని పూతరేకులా ఉన్నది.