యెరికో దారి మన జిల్లాల్లోనూ ఉంది

సువార్త కూటముల నిమిత్తం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు తిరిగే సేవకులకు ఈ దారులు కొట్టినపిండి. 2016 అక్టోబరులో ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకుముందు మూడూ వరంగల్ జిల్లాలోనివే. అయినా ఏ దారి ప్రమాదం ఆ దారిదే.

జనగామ హైదరాబాదు - వరంగల్ జాతీయ రహదారి మీద ఉంది. రోడ్డు విశాలం, వేగం ఎక్కువ. పక్క ఊరి బాట నుండి ఏ మోటారు సైకిలో ఒక్కసారిగా రోడ్డెక్కితే, కారులో ఉన్నవారికి ఆలోచించే వ్యవధి ఉండదు.

మహబూబాబాద్‌ను పాతవారు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. మన తెలుగు సంఘ చరిత్రలో పేరొందిన డోర్నకల్ ఈ జిల్లాలోనే ఉంది. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు పరిచర్య చేసిన ఊరది. ఆయన కట్టించిన దేవాలయాన్ని చూడడానికి వెళ్లేవారు కోతల కాలంలో జాగ్రత్తగా వెళ్లాలి. అప్పుడు సగం రోడ్డు కల్లమైపోతుంది. వడ్లు, మక్కలు ఆరబోసి, వాటి చుట్టూ రాళ్లు పెడతారు. చీకటి పడితే ఆ రాళ్లు కనబడవు.

భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల ఊరు. పక్కనే చెల్పూరులో విద్యుత్ కేంద్రం. బొగ్గు లారీలు రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉంటాయి. వెనుక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆగిన లారీ చీకట్లో గోడవంటిది.

మానుకోట వైపు జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక సంఘ పెద్ద తెల్లవారుజామున కారు నడుపుకుంటూ వస్తూ మక్కల చుట్టూ పెట్టిన రాళ్లను తప్పించబోయి చెట్టుకు గుద్దుకున్నారు. నడుముకు బెల్టు లేదు. స్టీరింగు డొక్కలో తగిలింది. ఒంటిమీద నెత్తురు చుక్క లేదు. లేచి బట్టలు దులుపుకొని, “ఏమీ కాలేదు అయ్యగారూ, దేవుడు కాపాడాడు” అని ఫోను చేశారు. సాయంత్రం కృతజ్ఞత కూడిక ఏర్పాటు చేశారు.

మేము వెళ్లేసరికి ఆయన ముఖం పాలిపోయి ఉంది. చల్లని చెమటలు. దెబ్బ తగలని ఎడమ భుజం నొప్పి అంటున్నారు. నర్సింగు చదువుతున్న కూతురు ఆ మాట విని గాభరా పడింది. “నాన్నా, కూడిక రేపు పెట్టుకుందాం. ఇప్పుడు ఆసుపత్రికి పోదాం పా” అని పట్టుబట్టింది. “ప్రార్థన చేసుకున్నాక చూద్దాంలే బిడ్డా” అన్నారాయన. ఆమె వినలేదు. డాక్టరుగారు కడుపు స్కానింగు తీయించి, ప్లీహం చిట్లి లోపల నెత్తురు కారుతోందని చెప్పి, 108 వాహనంలో వరంగల్‌కు పంపారు. ఆ రాత్రే ఆపరేషను జరిగింది. ఆయన బ్రతికారు. కృతజ్ఞత కూడిక నెల తరువాత జరిగింది.

పైకి గాయం లేకపోతే లోపలా లేదని అనుకోరాదు. తలకు దెబ్బ తగిలినవారు కొన్ని గంటలు బాగా మాట్లాడి, తరువాత స్పృహ తప్పవచ్చు. తలనొప్పి పెరగడం, వాంతులు, మగత, కడుపు నొప్పి, ఆయాసం, కాలుచేతుల తిమ్మిరి కనబడితే క్షణం ఆగకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు, వృద్ధులు ఏ బాధా లేకున్నా చూపించుకోవాలి. మెడకు దెబ్బ తగిలినవారిని చేతులు పట్టి లాగకూడదు. డాక్టరుగారితో ప్రమాదం సంగతి దాచక చెప్పాలి. ఆ చీటీలు భద్రపరచాలి. పరిహారం అడగవలసివస్తే అవే సాక్ష్యం.

డాక్టరు దగ్గరకు పోవడం అవిశ్వాసమని కొందరు విశ్వాసులు అనుకుంటారు. హిజ్కియా రాజు ప్రార్థన విన్న దేవుడే, యెషయా ప్రవక్త ద్వారా అంజూరపు పండ్ల ముద్దను అతని పుండుకు వేయించాడు. పౌలు జతపనివాడైన లూకా వైద్యుడు. ఆ లూకా రాసిన సువార్తలోనే మంచి సమరయుని కథ ఉంది. అతడు గాయపడినవాని కోసం జాలిపడి ఊరుకోలేదు. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు, ఖర్చు భరించాడు.

పోలీసు కేసు భయంతో దాటిపోయేవారు నేటికీ ఉన్నారు. ఆ భయం అక్కరలేదు. గాయపడినవారికి ముందు చికిత్స చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. సాయపడినవారిని వేధించకూడదని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతున్నది. వారు పేరు చెప్పవలసిన పని కూడా లేదు. 2025లో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం, ప్రమాద బాధితులకు ఎంపికైన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స ఇవ్వాలి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పెద్ద కేసులకు వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి ఎలాగూ ఉంది.

ప్రియులారా, ప్రమాదం తప్పినప్పుడు మోకరించండి. తరువాత లేచి వైద్యుని దగ్గరకు వెళ్లండి. రోడ్డు పక్కన ఎవరైనా పడి ఉంటే 108కి ఫోను చేసి, ఆ వాహనం వచ్చేదాకా వారి దగ్గర నిలబడండి. లేవీయునిలా పక్కనుండి దాటిపోవద్దు.