పథ్యభంగము

పథ్యమను మాటకు మూలము పథము. త్రోవనుండి తొలగనిది పథ్యమని పాణినీయులు వ్యుత్పత్తి చెప్పుదురు. ఇరువది యేండ్లుగా బడిలో ఈ మాటను పిల్లలకు వివరించుచున్నాము. ఐనను దాని యర్థము మాకు నిజముగా బోధపడినది మా దేహమే మాకు పాఠము చెప్పిన పిదపనే. త్రోవ తప్పరాదని బోధించువారు పలువురు కలరు. తప్పినవాడు మరల త్రోవ కెక్కుట యెట్లో చెప్పువారు తక్కువ. మా యనుభవము ఎవరికైన నుపయోగపడునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2019వ సంవత్సరమున, మా నలువదియొకటవ యేట, మాకు మధుమేహ మున్నదని తేలినది. పరగడుపున తీసిన నెత్తురులో డెసిలీటరునకు 126 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని చక్కెర యుండి, మరల చూచినను అట్లే యున్నచో మధుమేహమని నిశ్చయింతురు. మాకు 182 ఉండెను. ఇది టైపు 2 అని వైద్యులు చెప్పిరి. ఈ తెగలో దేహమున ఇన్సులిన్ బొత్తిగా లేకపోదు. ఉన్న ఇన్సులిన్ మాటను కణములు సరిగా వినవు. రానురాను క్లోమము అలసి చాలినంత స్రవింపజాలదు.

మొదటి మూడేండ్లు మేము ఆదర్శరోగులమై యుంటిమి. విస్తరిలో అన్నమును సగమునకు దించితిమి. కాఫీలో చక్కెర మానితిమి. సాయంకాలమున గోదావరి గట్టు వెంబడి నడచుచుంటిమి. బంధువు లెదురుపడినప్పుడు నిగ్రహమును గూర్చి చిన్న చిన్న యుపన్యాసములు కూడ ఇచ్చితిమి. ఆ యుపన్యాసములే పిమ్మట మా నోటికి తాళములయ్యెను.

2022వ సంవత్సరపు దసరాకు మా అక్కగారు బొబ్బట్లు పంపిరి. ఒకటి తింటిమి. ఒక్క బొబ్బట్టువలన మనుష్యుడు చెడిపోడు. ఆ రాత్రి మా మనసున పుట్టిన తర్కమే మమ్ము చెరచినది. వ్రతము భంగమైనది గదా, ఇక మిగిలినదాని నెవరికొరకు కాపాడవలెనని తోచెను. రెండవది తింటిమి, మూడవది తింటిమి. పండుగ వెళ్ళిన పిదప మొదలిడుదమని వాయిదా వేసితిమి. దసరా వెళ్ళెను, దీపావళి వచ్చెను. సంక్రాంతికి అరిసెలు వచ్చెను. మాఘమాసమున మేనకోడలి వివాహము వచ్చెను. గ్లూకోమీటరు బీరువా పై యరలోనికి చేరెను. ఇంటామె "చూసుకున్నారా?" అని యడిగినప్పుడెల్ల "బాగానే ఉంది" అనుట మరగితిమి. బడిలో అబద్ధమాడిన పిల్లవానిని బల్లపై నిలువబెట్టు మేము, ఇంటిలో దినమున కొకటి చొప్పున ఆడుచుంటిమి.

వివాహమైన పిదప పశ్చాత్తాపము కలిగెను. మా పశ్చాత్తాపము వైద్యుని యొద్దకు నడువక, ప్రాయశ్చిత్తమువైపు నడచెను. 2023 ఫిబ్రవరి 1వ తేదీ భీష్మైకాదశి. నాడు శుష్కోపవాస ముందుమని సంకల్పించి, మాత్రలను మాత్రము నిత్యమువలెనే ఉదయమున వేసికొని బడికి పోతిమి. పదునొకండు గంటలకు పదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా నొసట చెమట పోసినది. చేతులు వణకినవి. పుస్తకములోని యక్షరములు చెదరిపోయినవి. ఏ కారణమును లేక పిల్లలమీద కోపము వచ్చినది. కుర్చీలో కూలబడితిమి. ముందు వరుసనున్న యొక బాలిక పరుగున పోయి, ఉపాధ్యాయుల గదిలో తేనీటికై ఉంచిన చక్కెర డబ్బా తెచ్చి, నీళ్ళలో కలిపి మా చేతి కిచ్చినది.

"ముందిది తాగండి మాస్టారూ. మా నాన్నకీ ఇలాగే అవుతుంది" అనెను.

ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను. మేము వేసికొను మాత్రలలో గ్లిమెపిరైడ్ ఒకటి. అది తిండి యున్నను లేకున్నను క్లోమముచేత ఇన్సులిన్ స్రవింపజేయును. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారి కీ భయము మిక్కిలి తక్కువ. చక్కెర 70కి దిగువకు పడినచో ఆపదయే. అప్పుడు సుమారు 15 గ్రాముల చక్కెరను నీళ్ళతో పుచ్చుకొని, 15 నిమిషములకు మరల పరీక్షించుకొనవలెను. స్పృహ తప్పినవాని నోట నేమియు పోయరాదు. ఉపవాసము చేయదలచినవారు ముందుగా వైద్యుని కొక మాట చెప్పుట ధర్మము.

ఇన్సులిన్ కనుగొనక పూర్వము అమెరికాలో అలెన్ అను వైద్యుడు మధుమేహ రోగులకు అర్ధాకలినే చికిత్సగా విధించెను. నాడు వేరు గతి లేదు. 1922 జనవరిలో టొరంటో నగరమున 14 ఏండ్ల బాలునికి తొలి ఇన్సులిన్ సూది వేసినది మొదలు ఆ కఠోరవిధికి కాలము చెల్లినది. నూరేండ్ల క్రిందట లోకము విడిచిన శిక్షను మేము మాకే విధించుకొంటిమి.

ఆ సాయంకాలము వైద్యుని యొద్దకు పోతిమి. మూడు నెలల సగటు తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షలో 9.3 శాతము వచ్చెను. ఎఱ్ఱకణముల యాయువు సుమారు 120 దినములు. నెత్తుటిలో తిరుగు చక్కెర ఆ కణములలోని హిమోగ్లోబిన్‌ను అంటి నిలిచిపోవును. కావున పరీక్షకు ముందు రెండు నాళ్ళు కడుపు మాడ్చుకొని దీనిని మోసగింప వీలులేదు. కాగితము చూచి వైద్యులు మమ్ము తిట్టలేదు.

"తిన్నారని నేనేమీ అనను మాస్టారూ. నాలుగు నెలలు ఎందుకు రాలేదు? అది చెప్పండి" అని యడిగిరి.

మాకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చుచుండగా జ్ఞప్తికి వచ్చినది. ఒక సంవత్సరము మా తరగతిలో ఒక పిల్లవాడు ఇంటిలెక్కలు చేయక ఒకనాడు బడి మానెను. మరునాడు, మానినందుకు శిక్షింతుమని మానెను. ఆ పై వారమంతయు, వారము మానినందుకు మానెను. కడపట చదువే మానెను. ఆ బాలుడు లెక్కలకు వెఱవలేదు, మా ముఖమునకు వెఱచినాడు. మేమును వైద్యుని ముఖమునకు, ఇంటామె ముఖమునకు, మా యుపన్యాసములు వినిన బంధువుల ముఖములకు వెఱచి నాలుగు నెలలు బడి మానితిమి.

ఈ సిగ్గునకు పాండిత్యము కూడ మాకు తోడ్పడినది. ప్రమేహము రెండు విధములనియు, ఒకటి పుట్టుకతో వచ్చుననియు, మరియొకటి అపథ్యమువలన వచ్చుననియు సుశ్రుతుడు విభజించెను. అది చదివి, మా రోగము మా నాలుక చేసిన నేరమని మేము తీర్పు చెప్పుకొంటిమి. నేటి విజ్ఞానము వంశము, వయస్సు, నడుముచుట్టు చేరిన క్రొవ్వు, కదలని జీవనము మున్నగు పెక్కు కారణములను చూపుచున్నది. తిండి యందులో ఒకటి. దానిని దిద్దుకొనుట మన చేతిలో నున్నది. నేరస్థుడనని తలవంచుకొన్నవాడు దిద్దుకొనలేడు, దాచుకొనును.

ఆ రాత్రి ఇంటామెకు అంతయు చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప ఇట్లనెను. "మీకొక వంట, మాకొక వంట అయితే మీరు రోగి, మేం కాపలావాళ్ళం. నాకా పని వద్దు. అందరికీ ఒకటే వండుతాను."

నాటినుండి మా యింట పద్ధతి మారెను. ముందుగా కూర, ఆకుకూర పప్పు, పిదప చిన్న గిన్నెతో కొలిచిన అన్నము, కడపట మజ్జిగ. రాత్రి జొన్నరొట్టె గాని, పెసరట్టు గాని. పిల్లలు మొదట గొణిగిరి, పిమ్మట అలవాటుపడిరి. బెల్లము మంచిదను భ్రమ వదలితిమి. బెల్లమునందును అధికభాగము చక్కెరయే. రాగిజావ పేరు చెప్పి చెంబెడు త్రాగుటయు మానితిమి. ఏ ధాన్యమునకైనను కొలత యుండవలెను. భోజనమైన వెంటనే మంచ మెక్కక పావుగంట నడచుచున్నాము. గ్లూకోమీటరు బీరువానుండి దిగి భోజనపు గదిలో కూర్చున్నది. దాని ప్రక్కనొక నోటుపుస్తకము. చెడ్డ అంకెను కూడ వ్రాయవలెననునదే దాని కున్న యొకే నియమము. ఆరు నెలలకు మా హెచ్‌బీఏ1సీ 7.1కి దిగెను.

ఇంగ్లండున 1977లో మొదలై 1998లో ఫలితములు ప్రకటించిన యొక మహాపరిశోధన గలదు. తొలినాళ్ళనుండి చక్కెరను గట్టిగా అదుపుచేసినవారికి కన్నుల, మూత్రపిండముల హాని తగ్గినదని దానివలన తేలెను. పరిశోధన ముగిసిన పిదప ఇరుపక్షముల వారి చక్కెరయు ఇంచుమించు సమానమయ్యెను. ఐనను పూర్వము అదుపులో నున్నవారికి ఆ మేలు పదియేండ్ల తరువాతను నిలిచియున్నదని 2008లో ప్రకటించిరి. మంచిగా గడపిన దినములు ఊరక పోవు. మా మూడేండ్ల పథ్యము ఒక్క బొబ్బట్టుతో బూడిద యైనదనుకొనుట మా యజ్ఞానము.

గృహస్థులైన పాఠకులకు ఒక మనవి. మన మర్యాదలో బలవంతము పాలు హెచ్చు. "ఒక్కటి తింటే ఏమవుతుంది?" అని వడ్డించు చేయి ప్రేమతోనే వడ్డించును. వద్దన్నవానిని గర్వియని తలచుటయు, తిన్న పిదప "చక్కెర జబ్బుండి ఎలా తిన్నాడో" అని చెవులు కొఱుకుకొనుటయు ఒక్క పంక్తిలోనే జరుగుచున్నవి. ఈ రెండును మానినచో ఎందరో రోగులు దాచుకొను పని తప్పును.

మేము మరల తప్పలేదని చెప్పము. 2024లో ఒక మిత్రుని గృహప్రవేశమున రెండు బూరెలు నేతితో తింటిమి. ఇంటికి వచ్చి రెండు గంటల పిదప చూచుకొనగా 241 ఉండెను. కలము పట్టుకొని కొంతసేపు కూర్చుంటిమి. పిదప నోటుపుస్తకములో 241 అని వ్రాసితిమి. ఇంటామె అటు వచ్చి చూచినది.

"రాత్రికి రొట్టెలా, పెసరట్లా?" అని యడిగెను.

పెసరట్లంటిమి.