కాకి లేని జాబితా

పక్షి పరిశీలకులు తాము చూసినవి నమోదు చేసే ఈబర్డ్‌లో పక్షుల జాబితా పంపేముందు ఒక ప్రశ్న వస్తుంది: మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నిటినీ ఇందులో రాశారా? అవును, కాదు, రెండే జవాబులు. చాలాకాలం నేను ఆలోచించకుండా ‘అవును’ నొక్కాను.

హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువులో ఫ్లెమింగోలు దిగుతాయని విని పక్షులు చూడటం మొదలుపెట్టినవాణ్ణి. ధ్యాసంతా వలస వచ్చినవాటి మీదే. బాతులు, ఉల్లంకులు, పైన తిరిగే గద్దలు రాసేవాణ్ణి. కాకులు, గోరింకలు, పావురాలు ఎక్కడైనా ఉండేవేగా అని వదిలేసేవాణ్ణి. గట్టు మీద పరిచయమైన ఒక పెద్దాయన ఓసారి నా ఫోన్‌లో జాబితా చూసి, "ఏం బాబూ, ఇవాళ ఇక్కడ ఒక్క కాకీ లేదా?" అన్నారు. నెత్తిమీద కాకులు అరుస్తూనే ఉన్నాయి.

ఈబర్డ్ ఆ అవును-కాదు ప్రశ్న ఎందుకు అడుగుతుందో ఆయనే చెప్పారు. ఒక పక్షి తగ్గుతోందా, పెరుగుతోందా అన్నది అంచనా వేయడానికి, పూర్తి జాబితాల్లో నూటికి ఎన్నింట్లో అది కనిపించిందో చూస్తారు. ‘అవును’ అన్న జాబితాలో కాకి లేదంటే అక్కడ కాకి కనబడలేదనే లెక్క. కళ్ళెదుట ఉన్న పక్షిని లేదని సాక్ష్యం చెప్పానన్నమాట. అరుదైన పక్షిని పొరపాటున రాస్తే స్వచ్ఛందంగా పనిచేసే సమీక్షకులు ఫొటో అడుగుతారు, వివరం అడుగుతారు. రాయని కాకి గురించి అడిగేవాళ్ళుండరు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

2023లో ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక చదివినప్పుడు ఆ బాధ ఇంకా పెరిగింది. 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు పంపిన సుమారు 3 కోట్ల నమోదులతో 942 జాతుల స్థితిని అంచనా వేశారు. దసరానాడు మనం వెతుక్కుని మరీ చూసే పాలపిట్ట తగ్గిపోతోందనీ, దాని స్థితిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ మళ్ళీ పరిశీలించాలనీ అందులో ఉంది. కరెంటు తీగ మీది పాలపిట్టను రోజూ చూసేదే కదా అనుకోకుండా రాసినవాళ్ళూ, అది కనబడని రోజున మిగతా పక్షులన్నీ రాసి పంపినవాళ్ళూ ఉండబట్టే ఆ తగ్గుదల బయటపడింది.

పాత జాబితాలు తెరిచి ‘అవును’లన్నీ ‘కాదు’గా మార్చాను. ఊహించి కాకుల్ని చేరిస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. ఇప్పుడు కనీసం పదిహేను నిమిషాలు నిలబడి, చూసినవీ కూత విన్నవీ అన్నీ రాస్తున్నాను. అలా రాయబోతేనే, ఇన్నేళ్ళూ కాకి అంటూ వచ్చింది ఒక్క పక్షి కాదని తెలిసింది. మెడ బూడిదరంగులో ఉండేది ఊరకాకి. ఒళ్ళంతా నలుపై, ముక్కు బలంగా ఉండేది బొంతకాకి. ఎగిరిపోతుంటే రెంటినీ వేరుచేయడం నాకింకా కష్టంగానే ఉంది.