కాలం చెల్లిన కబురు

వాన హోరెత్తుతున్న రాత్రి పిల్లల బడి యాప్‌లో ఒక కబురు వస్తుంది: ‘రేపు సెలవు’. ఆ సెలవు కాస్తా గడిచిపోతుంది. పొద్దుపోయాక ఇల్లు చేరిన తండ్రి ఫోన్ తీస్తే, అదే కబురు ఇంకా తెర మీదే ఉంటుంది. ఎప్పుడు వచ్చిందో పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నా, కంటికి ముందు తగిలేది ‘రేపు సెలవు’ అన్న మాటే. దాన్ని నమ్మితే బిడ్డకు ఒకరోజు బడి పోయినట్టే. పంపిన రోజున ఆ కబురులో ఒక్క అక్షరం తప్పు లేదు. పని అయిపోయాక దాన్ని తీయకపోవడమే తప్పు.

నోటిఫికేషన్ ఎలా పంపాలో మన డెవలపర్లకు బాగా తెలుసు. ఎలా తీయాలో ఆలోచించేవాళ్లు తక్కువ. పెళ్లయ్యాక పందిరి విప్పడం కూడా వేసినవాళ్ల పనే. ఇక్కడా అంతే అని నా గట్టి నమ్మకం.

మన సర్వర్ నుంచి బయల్దేరిన కబురు ఆండ్రాయిడ్ ఫోన్లకు సాధారణంగా గూగుల్ వారి ఫైర్‌బేస్ ద్వారా, ఐఫోన్లకు ఆపిల్ వారి పుష్ సర్వీసు ద్వారా చేరుతుంది. ఒకసారి తెర మీదకు వచ్చాక ‘దాన్ని వెనక్కి తెచ్చెయ్’ అని వాళ్లకు చెప్పే వీలు లేదు. ఆ ఏర్పాటేదో యాప్ కట్టేవాళ్లే చేసుకోవాలి.

కబురు ఇంకా దారిలో ఉండగానే ఆ పని మొదలవుతుంది. ఫోన్ ఆఫ్‌లో ఉంటే ఫైర్‌బేస్ కబురును దాచి ఉంచుతుంది. మనం గడువు చెప్పకపోతే అలా నాలుగు వారాల దాకా ఉంచుతుంది. ‘వచ్చే మూడు గంటల్లో పిడుగులు పడే అవకాశం ఉంది’ అన్న హెచ్చరిక, సిగ్నల్ అందని చోటు నుంచి తిరిగొచ్చిన రైతు ఫోన్‌లో మూడో రోజున మోగితే ఆయన ఏమనుకోవాలి? పంపేటప్పుడే మూడు గంటల గడువు పెడితే, అది దాటాక ఆ కబురు ఫోన్ దాకా రాదు. ఆపిల్‌లోనూ ఇలాంటి గడువు పెట్టవచ్చు. దాంతోపాటు ‘సాయంత్రం 4 నుంచి 7 దాకా’ అని గడియారం సమయమే రాస్తే, ఎప్పుడు చూసినా అర్థం మారదు.

తెర మీదకు వచ్చినవాటి సంగతి వేరు. ‘భోజనం తయారవుతోంది’, ‘బయల్దేరింది’, ‘మీ వీధిలోకి వచ్చింది’ అని మూడు కబుర్లు పేరుకుంటే, వాటిలో నిజం చివరిదొక్కటే. ఆండ్రాయిడ్‌లో ట్యాగ్, ఐఫోన్‌లో కొలాప్స్ ఐడీ అని ఉంటాయి. మూడింటికీ ఒకే గుర్తు ఇస్తే కొత్తది వచ్చి పాతదాని చోట కూర్చుంటుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, ఇంతసేపటికి దానంతటదే పోవాలని నోటిఫికేషన్‌కు చెప్పే సదుపాయం కూడా ఉంది.

అన్నిటికంటే కష్టమైనది, విషయం వేరేచోట తేలిపోయినప్పుడు. రక్తదాతల యాప్ ఒకటి ‘ఓ నెగెటివ్ రక్తం అత్యవసరం’ అని వందమందికి కబురు పెడుతుంది. దాత దొరుకుతాడు. మిగతావాళ్ల ఫోన్లలో అది అలాగే ఉండిపోతే, ఎవరో ఒకరు పని మానుకుని ఆసుపత్రికి పరుగెత్తుతారు. అవసరం లేదని తెలిసి తిరిగొచ్చిన మనిషి, రెండోసారి అంత ఆత్రంగా కదలకపోవచ్చు. ఆ నష్టం మరో రోగిది. ఇలాంటి చోట చప్పుడు లేకుండా యాప్‌ను నిద్రలేపే సైలెంట్ పుష్ పంపాలి. అది అందుకున్న యాప్ పాత నోటిఫికేషన్‌ను తీసేస్తుంది. ఐఫోన్‌లో యాప్ తన పాత నోటిఫికేషన్లను ఏరి తీసే వీలు 2016 నాటి ఐఓఎస్ 10 నుంచి ఉంది.

అయితే సైలెంట్ పుష్‌నే పూర్తిగా నమ్ముకోకూడదు. గంటకు రెండు మూడింటికి మించి పంపవద్దని, పంపినవన్నీ చేరతాయన్న హామీ లేదని ఆపిలే చెబుతుంది. వాడేవారు యాప్‌ను పైకి నెట్టి మూసేస్తే ఐఫోన్ దాన్ని నిద్రలేపదు. ఆండ్రాయిడ్‌లో ఫోర్స్ స్టాప్ చేసినా అంతే. కాబట్టి యాప్ తెరిచిన ప్రతిసారీ సర్వర్‌ను అడిగి, చెల్లని కబుర్లను ఏరి తీసే పని కూడా కోడ్‌లో ఉండాలి.

ఏరి తీయడమంటే అన్నీ ఊడ్చేయడం కాదు. ‘మీ ఖాతా నుంచి 5,000 రూపాయలు వెళ్లాయి’ అన్న కబురు పాతబడినా అబద్ధం కాదు. మనిషి చూడకముందే దాన్ని మాయం చేస్తే మోసం జరిగిన సంగతి తెలియకుండా పోతుంది. జరిగిపోయిన సంగతి చెప్పే కబురును ఉండనివ్వాలి. ఇప్పటి పరిస్థితి చెప్పే కబురును, పరిస్థితి మారగానే తీసేయాలి. ఈ తేడా తెలుసుకోవడానికి కోడ్ కంటే ముందు, అవతలి మనిషి గురించిన ఆలోచన కావాలి.

యాప్‌లు కట్టే మిత్రులకు ఒక్క విన్నపం. కొత్త నోటిఫికేషన్ డిజైన్ చేసేటప్పుడు ‘ఎప్పుడు పంపాలి’ అన్న గడి పక్కనే ‘ఎప్పటిదాకా నిజం’ అని మరో గడి పెట్టండి. అది నిండేదాకా ఆ నోటిఫికేషన్‌ను పంపకండి.