పడటం తెలిసినవాడు

“అదంతా ఉత్తిదే కదా మావయ్యా!”

ఈ మాట అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పోనీ ఊరికే అంటారా అంటే అదీ కాదు. ఎవరికీ తెలియని గుట్టు రట్టు చేస్తున్నట్టు కనుబొమలు ఎగరేసి మరీ అంటారు. 2025 జూలై 24న అమెరికా కుస్తీ వీరుడు హల్క్ హోగన్ పోయాడు. ఆ వార్త తెలిశాక షార్జాలో మా ఇంట్లో నేను పాత కుస్తీలు ఫోన్లో వెతుక్కుని చూస్తుంటే, మా మేనల్లుడు సోఫాలో పక్కన చేరి సరిగ్గా ఇదే మాట అన్నాడు. దుబాయ్‌లో కంప్యూటర్ ఉద్యోగం వాడిది, ఇంకా ముప్పై నిండలేదు. ఎవడు గెలవాలో ముందే రాసి పెట్టుకుంటారట. వాళ్లవి దెబ్బలే కావట. పోయిన మనిషి గురించి ఒక మంచి మాట అనడానికి మాత్రం నోరు రాలేదు.

తెలుసురా నాయనా, నువ్వు పుట్టకముందే తెలుసు. 1989లో హోగన్ కుస్తీల కంపెనీవాళ్లే (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) వెళ్లి న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పుకున్నారు, మాది పోటీ కాదు మహాప్రభో, వినోదం అని. నిజాయితీ పొంగుకొచ్చి కాదు. ఆట అంటే క్రీడా కమిషన్ అజమాయిషీ ఉంటుంది, లైసెన్సులుంటాయి, పన్నులుంటాయి. వినోదమంటే ఆ బెడద లేదు. పన్ను తప్పుతుందంటే ఎవడైనా నిజమే చెబుతాడు.

అసలు తెలుగువాడికి ఈ అనుమానం రావడమేమిటి? ‘నర్తనశాల’ మన ఇళ్లలో ఎన్నిసార్లు చూడలేదు? 1963 నాటి సినిమా. అందులో భీముడు దండమూడి రాజగోపాలరావు. అద్దెకు తెచ్చిన కండలు కావు ఆయనవి, దేశం తరఫున బరువులెత్తిన మనిషి. కీచకుడు ఎస్వీ రంగారావు. ఆ ఇద్దరూ బయట ఎక్కడైనా చెయ్యీ చెయ్యీ కలిపి ఉంటే ఎవరు గెలిచేవారో చెప్పక్కర్లేదు. మరి జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఎవరికొచ్చింది? చచ్చిపోయినవాడికి. ఆ చావు ఉత్తిదే కదా అని రంగారావును అడిగిన వెధవ ఇంతవరకూ పుట్టలేదు.

నేను చెప్పదలుచుకున్నది కూడా అదే. కుస్తీలో గొప్పవాడు గెలిచినవాడు కాదు, పడ్డవాడు. హోగన్‌కు తెలిసినవి ఎన్నని? చొక్కా చింపుకోవడం, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని జనం కేకలు వినడం, బూటు కాలెత్తి ఎదుటివాడి మొహానికి అడ్డం పెట్టడం, చివర్లో ఎగిరి పీక మీద తొడ వెయ్యడం. అంతే. దాన్ని మహాయుద్ధం చేసిందంతా అవతలివాడే. 1987 మార్చి 29న పోంటియాక్ స్టేడియంలో ఆండ్రే ద జెయింట్‌ను హోగన్ ఎత్తి కుదేశాడని ఈనాటికీ చెప్పుకుంటారు. ఆండ్రే బరువు ఐదు వందల పౌండ్ల పైమాటే అని చాటించుకున్నారు. అప్పటికే ఆయనకు వెన్నుకు ఆపరేషనైంది, బట్టల కింద పట్టీ కట్టుకుని దిగాడు. హోగన్ ఎత్తాడు సరే, ఆండ్రే ఎత్తనిచ్చాడు. ఆ రెండో మాట ఎవరూ అనరు.

పడటం ఎంత కష్టమో ఒకసారి చూడండి. రింగు అడుగున ఉండేది పరుపు కాదు. ఇనుప దూలాలు, వాటిమీద చెక్క పలకలు, ఆపైన పల్చటి మెత్త, దానిమీద గుడ్డ. వెల్లకిలా పడేటప్పుడు గడ్డం గుండెకు ఆనించుకోవాలి, లేకపోతే బుర్ర వెనక్కి కొట్టుకుంటుంది. వీపు మొత్తం ఒక్కసారిగా ఆనాలి, అదే క్షణంలో రెండు చేతులూ చాచి నేలను చరచాలి. అప్పుడా దెబ్బ ఒక్కచోట దిగకుండా ఒళ్లంతా పంచుకుంటుంది, చప్పుడు హాలు చివరిదాకా వినిపిస్తుంది. ఏటా వందల రాత్రులు, ఊరు మారుస్తూ, ఇదే పని. వెన్నుపూసకు స్క్రిప్టు తెలియదు.

1991లో నేను షార్జాలో రోలా దగ్గర ఒక గదిలో ఉండేవాణ్ని. బెడ్ స్పేస్ కాపురం. మాది కోనసీమ, ఒకతను జగిత్యాల, ఒకతను త్రిశూర్, నాలుగో మంచం ముల్తాన్ నుంచి వచ్చిన పెయింటర్‌ది. శుక్రవారం సెలవు కాబట్టి గురువారం రాత్రి మాకు పండుగ. వీసీఆర్ నాది. మల్టీ సిస్టమ్‌ది, ఊరికి పట్టుకెళ్దామని కొని గదిలో వాడేశాను. అమెరికా నుంచి వచ్చే కేసెట్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. మామూలు పాల్ వీసీఆర్‌లో వేస్తే బొమ్మ నలుపూ తెలుపై పైకి పాకుతూ పోయేది. మా దాంట్లో మాత్రం హోగన్ పసుపు చొక్కా పసుపుగానే కనిపించేది. అందుకని పక్క గదులవాళ్లు కూడా చేరేవారు. ఎదుటి వీధిలో రొట్టెలు కాల్చే ఇరానీ ఆయన దుకాణం కట్టేసి, వేడి రొట్టెలు కాగితంలో చుట్టుకుని వచ్చేవాడు. రొట్టెల కోసమైనా ఆయనకు ముందు వరస చోటిచ్చేవాళ్లం.

ఆయన వచ్చేది హోగన్ కోసం కాదు, ఐరన్ షేక్ కోసం. అమెరికావాళ్ల లెక్కలో ఐరన్ షేక్ పరమ దుర్మార్గుడు. మెలి తిరిగిన కొనల బూట్లు, నున్నటి గుండు, చేతిలో ఇరాన్ జెండా. 1983 డిసెంబరులో బాబ్ బ్యాక్‌లండ్ దగ్గర బెల్టు గుంజుకుని, నెల తిరక్కుండానే న్యూయార్క్‌లో హోగన్‌కు సమర్పించుకున్నాడు. హోగన్ హోగన్ అయింది ఆ రాత్రే. అసలు పేరు హుస్సేన్ ఖోస్రో అలీ వజీరీ. ఈయన కుస్తీ ఉత్తిది కాదు సుమా. 1971లో అమెరికా అమెచ్యూర్ గ్రీకో రోమన్ పోటీల్లో బంగారు పతకం గెలిచినవాడు. రింగులోకి వచ్చి పెద్ద పెద్ద కర్ర మీళ్లు భుజాల చుట్టూ తిప్పేవాడు, మీరూ తిప్పండి చూద్దాం అని సవాలు విసిరేవాడు. మన తాలింఖానాల్లో మూల నిలబెట్టి ఉండే ముద్గరాలకు అవి దాయాదులు. అమెరికా హాల్లో జనం ఛీ కొడుతుంటే, షార్జా గదిలో రొట్టెలాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాడు. మా జగిత్యాలాయన ఆయన మొహం చూసి తనూ కొట్టేవాడు. దుర్మార్గుడు ఎవరన్నది టీవీ పెట్టిన ఊరిని బట్టి ఉంటుందని నాకు తెలిసింది ఆ గదిలోనే.

ఆ 1991 కథ మరీ విపరీతం. జనవరి 17న బాగ్దాద్ మీద బాంబులు పడటం మొదలైంది. 19న మయామీలో సార్జెంట్ స్లాటర్ అనే అమెరికన్ సిపాయి వేషగాడు, సద్దాం పక్షం చేరిపోయి, అల్టిమేట్ వారియర్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. బెల్టు తిరిగి హోగన్ నడుముకు ఎక్కింది మార్చి 24న, లాస్ ఏంజెలెస్‌లో. ఫిబ్రవరి ఆఖరుకే యుద్ధం అయిపోయింది, రింగులో మాత్రం ఇంకో నెల నడిచింది. పెద్ద స్టేడియంలో పెట్టాల్సిన ఆ కుస్తీని చిన్న హాలుకు మార్చారు. బెదిరింపులొచ్చాయి, భద్రత కోసం అన్నది కంపెనీ. టికెట్లు అమ్ముడుపోలేదన్నారు తక్కినవాళ్లు.

స్లాటర్ పక్కన జనరల్ అద్నాన్ అని ఒకాయన జెండా పట్టుకుని నిలబడేవాడు. అద్నాన్ అల్ కైసీ. నిజంగా బాగ్దాద్‌లోనే పుట్టాడు. 1970ల మొదట్లో సొంత ఊళ్లో జనసముద్రం ముందు ఇదే ఆండ్రేను ఓడించిన మొనగాడు. అమెరికాలో ఆయనకు దొరికిన వేషం చూడండి: బిల్లీ వైట్ వుల్ఫ్. తల మీద ఈకలు పెట్టి రెడ్ ఇండియన్‌ను చేశారు. 1976లో చీఫ్ జే స్ట్రాంగ్‌బోతో కలిసి జోడీ బెల్టు కూడా గెలిచాడు. ఆ చీఫ్ కూడా రెడ్ ఇండియన్ కాదు, ఇటలీ మూలాలున్నవాడు. ఇదంతా అయ్యాక, బాగ్దాద్‌లో పుట్టినవాణ్ని బాగ్దాద్‌వాడిగా చూపించడానికి యుద్ధం రావలసి వచ్చింది.

స్లాటర్ బెల్టు పోయాక కల్నల్ ముస్తఫా అని ఇంకొకణ్ని దించారు. ఎవరని చూస్తే మన ఐరన్ షేకే, ఇరాకీ యూనిఫాంలో! రొట్టెలాయన ఆ రోజు చప్పట్లు కొట్టలేదు. ఇరానూ ఇరాకూ ఎనిమిదేళ్లు కొట్టుకు చచ్చి, ఆ యుద్ధం ఆగి మూడేళ్లు. ఆయన తమ్ముడొకడు అందులోనే పోయాడు. “వీళ్లకు మేమంతా ఒకటే” అని లేచి వెళ్లిపోయాడు, రొట్టెలు మాత్రం వదిలేశాడు. ఉత్తిదని అనేవాళ్లు ఆ మొహం చూసి ఉండాల్సింది.

ఇక ముల్తాన్ పెయింటర్ సంగతి. పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

లాస్ ఏంజెలెస్ కుస్తీ కేసెట్ నా దగ్గరుండేది. ఎవరూ పొరపాటున దానిమీద రికార్డు చెయ్యకుండా వెనకాల అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పెచ్చును స్క్రూడ్రైవర్‌తో విరిచేశాను. పెచ్చు పోతే రికార్డు బటన్ పడదు. ఈ సంగతి నాకు తెలుసు. ఆ గొయ్యి మీద సెల్లో టేపు ముక్క అంటిస్తే మళ్లీ పడుతుందన్న సంగతి అతనికి తెలుసు. అక్టోబర్ 25, శుక్రవారం, నాకు ఓవర్‌టైమ్ డ్యూటీ పడింది. అదే రోజు షార్జా స్టేడియంలో ఇండియా, పాకిస్తాన్‌ల విల్స్ ట్రోఫీ క్రికెట్ ఫైనల్. రాత్రి గదికొచ్చి కేసెట్ పెడితే స్లాటర్ లేడు, అద్నాన్ లేడు, ఆకిబ్ జావేద్ పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. ఆ రోజు అతను 37 పరుగులిచ్చి ఏడు వికెట్లు తీశాడు. వరస బంతుల్లో రవిశాస్త్రి, అజారుద్దీన్, తెందూల్కర్, ముగ్గురూ ఎల్బీడబ్ల్యూ. నా కేసెట్ పోవడం ఒక ఎత్తు, దానిమీద మనవాళ్లు ఓడిపోవడం ఒక ఎత్తు. అందులోనూ మన హైదరాబాదీ మొదటి బంతికే! “భాయ్, ఇది చరిత్ర. అది నాటకమే కదా” అన్నాడు పెయింటర్.

నాటకమట. ముగ్గురు ముగ్గురూ కాళ్లు అడ్డం పెట్టి వరసగా అవుటైపోవడం మాత్రం జీవితం! ఆ అంపైరింగ్ గురించి మా గదిలో ఎన్ని రాత్రులు వాదన నడిచిందో చెప్పను. షార్జాలో శుక్రవారం నాడు మనవాళ్లు ఎందుకు ఓడిపోతారన్న దాని మీద జగిత్యాలాయన దగ్గర ఒక సిద్ధాంతమే ఉండేది. 1986లో చేతన్ శర్మ ఆఖరి బంతిని మియాందాద్ సిక్సర్ కొట్టిన దగ్గర మొదలెట్టి, వారాలూ నక్షత్రాలూ లెక్కలు కట్టి... అది ఇప్పుడు వద్దులెండి. ఆ పెయింటర్ తరవాత అబుదాబి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ కొత్త ఖాళీ కేసెట్ ఒకటి నా మంచం మీద పెట్టి వెళ్లాడు. నేను దాన్ని ఎవరికో ఇచ్చేశాను. క్షమించలేదు.

మా మేనల్లుడి మాటనే ప్రశ్నగా అడిగి దెబ్బ తిన్నవాళ్లూ ఉన్నారు. 1997 ఏప్రిల్లో కువైట్ టీవీ ఉదయపు కార్యక్రమానికి అండర్‌టేకర్, వేడర్ అనే ఇద్దరు కుస్తీవాళ్లను పిలిచారు. ఇదంతా ఉత్తిదేనా అని అడిగాడు యాంకర్. వేడర్ బల్ల తన్నేసి ఆయన టై పట్టుకుని గుంజాడు. అండర్‌టేకర్ కదల్లేదు, మెదల్లేదు. వేడర్‌ను దేశం దాటనివ్వకుండా కొన్నాళ్లు ఆపి, జరిమానా వేసి పంపించారు. మనిషి మీద చెయ్యి చేసుకోవడం తప్పే, కాదనను. కానీ ఆ యాంకర్ గారు సినిమా నటుణ్ని పిలిచి నీ ప్రేమ ఉత్తిదేనా అని అడిగి ఉండేవారా?

ఉత్తిదాంట్లోనూ ఉత్తిది ఉంటుంది. 1996లో అక్షయ్ కుమార్ ‘ఖిలాడియోంకా ఖిలాడీ’లో అండర్‌టేకర్‌ను చూసి మా ఊరి పిల్లలు మురిసిపోయారు. అతను బ్రయన్ లీ అనే వేరే మనిషి. అంతకు రెండేళ్ల ముందు రింగులో అసలు అండర్‌టేకర్‌కు ఎదురుగా నకిలీ అండర్‌టేకర్‌గా దిగింది కూడా ఇతనే. నకిలీ వేషం ఒకసారి నప్పిందని మళ్లీ అదే పనికి పిలిచారు. ఉద్యోగమంటే అలా ఉండాలి.

ఆ తరవాత ఇక్కడ కుస్తీ నేరుగానే వచ్చేసింది. 2017 డిసెంబరు 7న అబుదాబి జాయెద్ స్పోర్ట్స్ సిటీలో సాషా బ్యాంక్స్, అలెక్సా బ్లిస్ తలపడ్డారు. ఎమిరేట్స్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ ఆడవాళ్ల కుస్తీ అదే మొదలు. మెడ నుంచి పాదాల దాకా ఒళ్లు కప్పే బట్టలు కట్టారు. ఇదే మా ఆశ అని జనం అరుస్తుంటే సాషా రింగులోనే కళ్లనీళ్లు పెట్టుకుంది. గెలిచింది అలెక్సా. అందరికీ గుర్తున్నది సాషా.

టీవీ కుస్తీ నచ్చనివాళ్లకు దుబాయ్ దేరాలో వేరే కుస్తీ చూపించాను. చేపల మార్కెట్ దగ్గర ఖాళీ స్థలంలో శుక్రవారం సాయంత్రాలు పాకిస్తాన్, ఇండియా పంజాబుల పహిల్వాన్లు లంగోటా కట్టి దిగేవారు. ఇసుక మీద నీళ్లు చల్లేవారు. చుట్టూ వందల మంది కూలీలు గుండ్రంగా గొంతుక్కూర్చునేవారు. కెమెరా లేదు, స్క్రిప్టు లేదు. వీపు నేలకంటితే ఓటమి. గెలిచినవాడు జనంలోకి తిరిగితే ఐదో పదో దిర్హమ్‌లు చేతిలో పెట్టేవారు. ఓడినవాడు ఒంటికంటిన ఇసుక దులుపుకుని చొక్కా వెతుక్కునేవాడు. మర్నాడు పొద్దున్న ఇద్దరికీ అదే డ్యూటీ.

కుస్తీ ఎక్కడ చూసినా, టీవీలోనైనా ఇసుకలోనైనా, కేకలు గెలిచినవాడికి వెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. జేబులోంచి తీసే నోటు మాత్రం ఓడినవాడి చేతిలో పెట్టండి. వాడు పడకపోతే మీరు చూడటానికి అక్కడ ఏమీ లేదు.