పూలు వాడాకే అసలు పని

మార్చి నెలాఖరు. మెట్రో పింక్ లైన్‌లో వచ్చి సరోజినీ నగర్ స్టేషన్‌లో దిగే జనం చూపంతా మార్కెట్‌లోని చవక దుస్తుల గుట్టల మీదే. పక్కనున్న ప్రభుత్వ క్వార్టర్ల వైపు మళ్లితే మరో దృశ్యం. మెట్ల పక్కన, బాల్కనీల్లో వరసగా పూలకుండీలు. జనవరిలో పరిమళించిన నర్గిస్ ఎప్పుడో వాడిపోయింది. మిగిలినవి పచ్చబడి పక్కకు వాలిన ఆకులే. చూడ్డానికి బాగోవని చాలామంది వాటిని కత్తిరించేస్తారు. తప్పు జరిగేది అక్కడే.

వచ్చే ఏటి పువ్వుకు కావాల్సిన ఆహారాన్ని దుంపకు అందించేవి ఆ ఆకులే. తుంచాల్సింది వాడిన పువ్వును. లేకపోతే బలమంతా విత్తనాలకు పోతుంది. ఆకులకు ఎండ తగలనిస్తూ దాదాపు ఆరు వారాలు నీళ్లు పోయాలి. అవి వాటంతటవే ఎండిపోయాక నీళ్లు ఆపి, దుంపలు తవ్వి, మట్టి దులిపి, నీడలో ఆరబెట్టాలి. గాలాడే గోనెసంచిలో దాచి, పైన పేరు రాయాలి. ఎందుకంటే నర్గిస్ దుంప అచ్చం ఉల్లిపాయలాగే ఉంటుంది, తింటే విషం. మే, జూన్ నెలల 45 డిగ్రీల ఎండల్ని అలా దాటిస్తే అక్టోబరులో మళ్లీ నాటుకోవచ్చు.

కొద్ది కిలోమీటర్ల దూరంలోని శాంతి పథ్‌లో తులిప్‌ల కథ వేరు. న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్ 2023లో అక్కడ తులిప్ ఉత్సవం మొదలుపెట్టింది. దుంపలు నెదర్లాండ్స్ నుంచి దిగుమతి అయినవి. తులిప్ మళ్లీ పూయాలంటే దుంపకు వారాల తరబడి నిలకడైన చలి కావాలి. ఢిల్లీ శీతాకాలానికి ఆ నిలకడ లేదు. పైగా దుంప బలం పుంజుకోకముందే మార్చి ఎండ ఆకుల్ని మాడ్చేస్తుంది. శ్రీనగర్ తులిప్ తోటకు ఆ బెడద తక్కువ. రాజధానిలో మాత్రం శీతల గిడ్డంగి అయినా ఉండాలి, ఏటా కొత్త దుంపలైనా కొనాలి.

నర్గిస్‌కు అంత ఖర్చు లేదు. కావాల్సింది ఓపిక. అయితే హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడి పేరు పెట్టుకున్న ఈ కాలనీలో ఓపిక ఒక్కటే చాలదు. ఇది బదిలీల, పదవీ విరమణల కాలనీ. నాటినవారే మరుసటి పువ్వు చూస్తారన్న హామీ లేదు. దానికి తోడు, ఏడు ప్రభుత్వ కాలనీల పునర్నిర్మాణానికి 2016లో కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపాక పాత క్వార్టర్ల కూల్చివేత మొదలైంది. వాటి స్థానంలో వస్తున్నవి బహుళ అంతస్తుల భవనాలు. పై అంతస్తుల వారికి గుమ్మం ముందు నేల ఉండదు. 2018 జూన్‌లో చెట్ల నరికివేతపై జనం రోడ్డెక్కారు, ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకుంది. కానీ గుమ్మం ముందు నాటిన దుంప కోసం కోర్టుకెళ్లేవారుండరు. ఇల్లు ఖాళీ చేసేవారే దాన్ని గుర్తుపెట్టుకోవాలి. చెట్టును వెంట తీసుకుపోలేం. దుంపను తీసుకుపోవచ్చు, ఆకులు ఎండేదాకా ఆగగలిగితే.