చిన్న మాటకి పెద్ద మార్కు

మా హాస్టల్లో స్క్రాబుల్ ఆట పెట్టె ఉంది కదా. దాని గురించి రాస్తున్నాను. ఈ ఆటని 1930లలో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆయన తయారుచేశారు. 1948లో దీనికి స్క్రాబుల్ అని పేరు వచ్చింది. బోర్డు మీద 225 గళ్ళు, సంచిలో 100 బిళ్ళలు. ఒక్కొక్కరి దగ్గర 7 బిళ్ళలు ఉంటాయి.

పెద్ద మాటలు వచ్చినవాళ్ళే గెలుస్తారని అందరూ అంటారు. అది సగమే నిజం. 7 బిళ్ళలూ ఒకేసారి పెడితే 50 మార్కులు అదనంగా వస్తాయి, నిజమే. కానీ ఇది చూడండి. ఎక్స్ బిళ్ళకి 8 మార్కులు. పై వరసలో 'ఈ' అక్షరంతో మొదలయ్యే మాట ఉంది, ఆ 'ఈ' కింద మూడు రెట్ల గడి ఖాళీగా ఉంది అనుకోండి. అందులో ఎక్స్, దాని ఎడమ పక్కన ఓ పెట్టాలి. అడ్డంగా ఎద్దు అనే మాట, నిలువుగా మాజీ అనే మాట వస్తాయి. అడ్డం 25, నిలువు 25. మొత్తం 50! పెట్టింది రెండే బిళ్ళలు.

క్యూ వస్తే అందరం భయపడతాం. పక్కన ఐ పెడితే చాలు, మాట అయిపోతుంది. అది చైనా మాట, ప్రాణశక్తి అని అర్థం. పలకడం మాత్రం 'చీ' అని! 2019లో వచ్చిన కాలిన్స్ జాబితాలో రెండక్షరాల మాటలు 127 ఉన్నాయి. రోజుకి 3 నేర్చుకుంటే 43 రోజుల్లో అయిపోతాయి.

న్యూజిలాండ్ ఆయన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచారు. ఆయనకి ఫ్రెంచి మాట్లాడటం రాదు. మాటలు మాత్రం జ్ఞాపకం పెట్టుకున్నారు.

మాది చింతూరు వైపు. ఇంట్లో కోయ మాట్లాడతాం. మా అమ్మ వేలిముద్ర వేస్తుంది. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. కోనసీమ వచ్చిన కొత్తలో నేను క్లాసులో నోరు విప్పేదాన్ని కాదు. ఇక్కడ అవునండీ అనడానికి 'ఆయ్' అంటారు. అంత చిన్న మాటలో ఎంత మర్యాద ఉందో! ఇక్కడ నేను ముందు నేర్చుకున్న మాట అదే.

ఆరో తరగతి చెల్లి ఒకామె, "అక్కా, దసరాకి ఇంటికెళ్తే ఇంక రాను. ఇంగ్లీషు నా వల్ల కాదు" అంది. రోజూ రాత్రి స్టడీ అయ్యాక ఆమె చేత మూడేసి మాటలు పెట్టిస్తున్నాను. ఇప్పటికి 36 వచ్చాయి. మిగతా 91 సెలవులయ్యాక నేర్చుకుందామా అని అడిగాను. కాసేపు బిళ్ళలు కదుపుతూ కూర్చుంది. తర్వాత "ఆయ్" అంది.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఆదివారం ఆట పెట్టె బీరువాలోంచి కొంచెం పెందలాడే తియ్యండి.

– 9వ తరగతి విద్యార్థిని